సొంత బరువుతో బలం పెంచే వ్యాయామం: ఆన్‌లైన్‌లో నమ్మదగ్గ పాఠాలు వెతికి పట్టుకోవడం ఎలా?

"జిమ్‌కి వెళ్ళే వీలు లేదు, ఇంట్లోనే మొదలుపెడతాను. ఎవరి వీడియోలు చూడమంటారు?" ఈ ప్రశ్న తరచూ వస్తోంది. ఎవరి వీడియో అన్నది రెండో ప్రశ్న. మీకు ముందు కావలసింది ఒక పథకం. వారంలో ఎన్ని రోజులు, ఏ వ్యాయామం తర్వాత ఏది, ఎన్ని సెట్లు (ఆగకుండా ఒక విడతలో చేసేది ఒక సెట్), తేలికైపోయాక తర్వాతి మెట్టు ఏది అన్నవన్నీ అందులో ఉండాలి. అది దొరికాక వీడియోలు ఒక్కో వ్యాయామం నేర్చుకోవడానికి పనికొస్తాయి. ఈ వరస తలకిందులైతే నెలల తరబడి వీడియోలు చూస్తూనే ఉంటాం, చేతుల్లో బలం మాత్రం రాదు.

## 1. ఫోన్ పట్టుకునే ముందు కాగితం మీద రాసుకోండి

పది నిమిషాల పని. ఇది చేయకుండా వెతికితే కనిపించినదల్లా మనకోసమే అనిపిస్తుంది.

- ఏం కావాలి? "ఫిట్‌గా ఉండాలి" అని రాస్తే చాలదు. "నేల మీద పది పుష్-అప్‌లు", "ఒక్క పుల్-అప్" (బార్‌కి వేలాడి, గడ్డం దాని పైకి వచ్చేలా ఒంటిని లేపడం), "గ్యాస్ సిలిండర్ జరిపినా నడుము పట్టేయకూడదు" లాంటివి రాయండి.
- వారానికి ఎన్ని రోజులు, రోజుకు ఎంతసేపు ఇవ్వగలరు?
- ఏమేం ఉన్నాయి? గోడ, కదలని కుర్చీ, మెట్లు, దగ్గర్లోని పార్కులో పట్టుకుని వేలాడే ఇనప బార్.
- పాత దెబ్బలు, ఆపరేషన్లు, వాడుతున్న మందులు.
- ఈ రోజు ఏం చేయగలరు?

చివరి ప్రశ్నకు ఊహించి రాయకండి, చేసి చూడండి. నడుము జారకుండా ఎన్ని పుష్-అప్‌లు వస్తాయి? చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరు? బార్ పట్టుకుని ఎన్ని సెకన్లు వేలాడగలరు? సున్నా వచ్చినా సున్నా అనే రాయండి. మీరు ఎంచుకునే పథకం ఆ సున్నా దగ్గర మొదలవుతుందా లేదా అన్నదే తర్వాత మీకు పనికొచ్చే పరీక్ష.

గుండె జబ్బు, బీపీ, ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, కీళ్ళ సమస్య ఉన్నవాళ్ళు ముందు పార్-క్యూ ప్లస్ (PAR-Q+) అనే ప్రశ్నాపత్రం వెతికి నింపండి. మొదటి పేజీలో ఏడు ప్రశ్నలే ఉంటాయి. ఒక్కదానికి "అవును" అని వచ్చినా లోపలి పేజీల ప్రశ్నలు కూడా పూర్తి చేసి, అవి చూపించినట్టు డాక్టరుని అడిగి మొదలుపెట్టండి. గర్భిణులూ, కొత్తగా ప్రసవమైనవాళ్ళూ నేరుగా డాక్టరుతోనే మాట్లాడండి.

## 2. పూర్తి పథకం ఎలా ఉంటుందో తెలుసుకోండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలు వారంలో కనీసం రెండు రోజులు ఒంట్లోని ముఖ్యమైన కండరాలన్నిటికీ పని చెప్పే వ్యాయామం చేయాలి. "అన్నిటికీ" అన్నదే ఇక్కడ కీలకం. పొట్టకు ఒక వీడియో, చేతులకు ఒక వీడియో ఏరుకుంటూ పోతే ఒంట్లో సగం అలాగే మిగిలిపోతుంది.

మీకు దొరికిన పథకంలో ఈ ఐదు కదలికలూ ఉన్నాయో లేదో చూడండి:

- తోయడం: పుష్-అప్, డిప్ (రెండు పక్కల ఆసరా మీద చేతులు ఆనించి ఒంటిని దించి లేపడం)
- లాగడం: పుల్-అప్, రో (వెనక్కి వాలి, పట్టుకున్నదాని దగ్గరికి ఛాతీని లాగడం)
- కూర్చుని లేవడం: స్క్వాట్, మన బస్కీలు
- తుంటి దగ్గర వంగి లేవడం: వెల్లకిలా పడుకుని తుంటి లేపే గ్లూట్ బ్రిడ్జ్, ఒంటికాలి మీద ముందుకు వంగి లేవడం
- నడుమును నిటారుగా పట్టి ఉంచడం: ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ళ మీద ఒంటిని బల్లలా నిలపడం), సైడ్ ప్లాంక్ (అదే పక్కకు తిరిగి)

తర్వాత నాలుగు ప్రశ్నలు వేయండి. ఎన్ని సెట్లు, ఒక్కో సెట్‌లో ఎన్ని రెప్‌లు (అంటే ఎన్నిసార్లు) అని చెప్పారా? సెట్ల మధ్య విశ్రాంతి ఎంతో చెప్పారా? చేయలేకపోతే కిందిమెట్టు ఏమిటో చెప్పారా? ఎప్పుడు పైమెట్టుకు వెళ్ళాలో నియమం ఉందా?

నాలుగో ప్రశ్న దగ్గరే చాలా వీడియోలు ఆగిపోతాయి. రోజూ అదే ఇరవై నిమిషాల వీడియో పెట్టుకుని చేస్తే మొదటి నెలలో తేడా తెలుస్తుంది, ఆ తర్వాత ఒంటికి అది అలవాటు. బలం పెరగాలంటే పని కూడా కొద్దికొద్దిగా బరువెక్కాలి. జిమ్‌లో బరువు పెంచడానికి ఇనప ప్లేట్లు మారుస్తారు. ఇంట్లో ప్లేట్లు లేవు కాబట్టి భంగిమ మార్చాలి. ఆ మార్పుల వరసనే ఇంగ్లిష్‌లో ప్రోగ్రెషన్ అంటారు. మీరు వెతకాల్సిన మాట అదే.

## 3. పుష్-అప్ ఒక్కటి పట్టుకుని పరీక్షించండి

పథకం మొత్తం చదవక్కర్లేదు. అందులో పుష్-అప్ గురించి ఏం చెప్పారో చూస్తే మిగతాదాని నాణ్యత తెలిసిపోతుంది.

పుష్-అప్‌లో చేతుల మీద పడే బరువును ఒక పరిశోధనలో కొలిచారు. నేల మీద మామూలు పుష్-అప్‌లో శరీర బరువులో సుమారు 64 శాతం చేతుల మీద పడుతుంది. మోకాళ్ళు ఆనిస్తే 49 శాతం. చేతులు 30 సెంటీమీటర్ల ఎత్తు మీద పెడితే 55 శాతం, 60 సెంటీమీటర్ల ఎత్తయితే 41 శాతం. చేతులు నేల మీదే ఉంచి కాళ్ళను 60 సెంటీమీటర్ల ఎత్తున పెడితే 74 శాతం.

అంటే 70 కిలోల మనిషి నేల మీద పుష్-అప్ తీస్తే దాదాపు 45 కిలోలు మోస్తున్నాడు. అదే మనిషి 60 సెంటీమీటర్ల గట్టు మీద చేతులు పెడితే 29 కిలోలే. ఒక్క పుష్-అప్ కూడా రానివాళ్ళకు దారి ఇక్కడే ఉంది. మన ఇళ్ళలో ఈ మెట్లన్నీ ఉన్నాయి: గోడ, వంటగట్టు, మంచం పట్టె, మెట్లదారిలో రెండో మెట్టు, చివరికి నేల.

మంచి పాఠం ఈ మెట్లను వరసగా చూపిస్తుంది. పనికిరాని పాఠం "రాకపోతే మోకాళ్ళ మీద చేయండి" అనేసి ముందుకు పోతుంది. మోకాళ్ళ పుష్-అప్ తప్పేం కాదు, కానీ అక్కణ్ణుంచి నేల పుష్-అప్‌కి ఒకేసారి 49 నుంచి 64కి దూకాలి. చాలామంది అక్కడే చిక్కుకుపోతారు. ఎత్తు తగ్గించుకుంటూ రావడమే నా సలహా.

ఫామ్ గురించి, అంటే ఒంటిని సరిగ్గా పట్టి కదిలించే తీరు గురించి, ఆ పాఠం ఈ మాటలు చెబుతోందా?

- తల నుంచి మడమ దాకా ఒకే గీత, తుంటి కిందికి జారకూడదు, పైకి లేవకూడదు
- మోచేతులు భుజాలకు అడ్డంగా విచ్చుకోకుండా కాస్త వెనక్కి
- ఛాతీ కిందిదాకా వెళ్ళాలి, పైన చేతులు పూర్తిగా చాచాలి
- పైకి వచ్చాక నేలను ఇంకొంచెం తోసి, వీపు మీది రెక్క ఎముకలు దూరం జరగనివ్వాలి

చివరిది చెప్పినవాళ్ళు చాలావరకు మిగతావీ బాగానే చెబుతారు.

## 4. ఎక్కడ వెతకాలి

ముందుగా పూర్తి పథకాలు. రెడ్డిట్ అనే చర్చావేదికలో బాడీవెయిట్ ఫిట్‌నెస్ విభాగం వికీలో (సభ్యులు కలిసి రాసిన పేజీల్లో) "రికమెండెడ్ రొటీన్" ఉచితంగా ఉంది. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విశ్రాంతి. వ్యాయామాలు జతలుగా ఉంటాయి: పుల్-అప్‌తో స్క్వాట్, డిప్‌తో తుంటి వంపు, రో తో పుష్-అప్. జతలో ఒకటి ఒక సెట్, 90 సెకన్ల విశ్రాంతి, రెండోది ఒక సెట్, మళ్ళీ విశ్రాంతి. ఇలా మూడేసి సెట్లు. సెట్‌కి 5 నుంచి 8 రెప్‌లు. మూడు సెట్లలోనూ ఎనిమిదేసి వస్తే తర్వాతి మెట్టు. చివర్లో నడుము కోసం మూడు వ్యాయామాలు. పైన వేసిన నాలుగు ప్రశ్నలకూ ఇందులో జవాబు ఉంది, అందుకే దీన్ని ముందు చెప్పాను. దీనికి బార్, డిప్‌కి రెండు పక్కల ఆసరా కావాలి, సుమారు గంట పడుతుంది. అంత కుదరనివాళ్ళకు అదే వికీలో మినిమలిస్ట్ రొటీన్ ఉంది.

గంట కాదు, పావుగంటతో మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు హైబ్రిడ్ కాలిస్థెనిక్స్ అనే సైట్ నాకు నచ్చుతుంది. పుష్-అప్ గోడ దగ్గర మొదలై ఒంటిచేతి పుష్-అప్ దాకా మెట్లు మెట్లుగా సాగుతుంది, ప్రతి మెట్టుకీ చిన్న వీడియో ఉంటుంది. మాట నెమ్మది, కేకలుండవు. ఇంగ్లిష్ అంతగా రాని వాళ్ళకీ చూస్తే అర్థమవుతుంది.

ఒక్కో వ్యాయామం లోతుగా నేర్చుకోవడానికి ఫిట్‌నెస్ ఎఫ్‌ఏక్యూస్, కాలిస్థెనిక్ మూవ్‌మెంట్ అనే యూట్యూబ్ చానళ్ళు ఉన్నాయి. వాటిని నిఘంటువులా వాడండి. పుల్-అప్‌లో భుజం పట్టేస్తోందంటే ఆ మాట వెతికి, చూసి, మూసేయండి. అందులో కనిపించే ప్లాంష్ (కాళ్ళు ఆనించకుండా చేతుల మీదే ఒంటిని అడ్డంగా నిలపడం), హ్యూమన్ ఫ్లాగ్ (నిలువు స్తంభం పట్టుకుని జెండాలా అడ్డంగా నిలవడం) లాంటివి ఏళ్ళ తరబడి సాధన చేస్తే వచ్చేవి, ఇప్పుడు వాటి జోలికి వెళ్ళకండి. డేరీబీ సైట్‌లో బొమ్మలతో ఉచిత చార్టులు బోలెడన్ని ఉన్నాయి. అయితే వాటిలో చాలావరకు చెమట పట్టించే సర్క్యూట్లు, అంటే ఒకదాని వెంట ఒకటి ఆగకుండా చేసుకుపోయే వ్యాయామాలు. బలమే లక్ష్యమైతే స్ట్రెంత్ అని రాసి ఉన్నవే ఏరుకోండి.

అమ్మానాన్నల కోసం వెతుకుతున్నారా? బ్రిటన్ ప్రభుత్వ వైద్య సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ సైట్‌లో కుర్చీలో కూర్చుని చేసేవి, బలానికి, తూలకుండా నిలబడడానికి వేర్వేరు పేజీలున్నాయి. విదేశాల్లో ఉన్నవాళ్ళు వీడియో కాల్‌లో అమ్మకు నేర్పించాలంటే ఈ పేజీ చేతిలో పెట్టుకుంటే సరిపోతుంది. కుర్చీలోంచి లేవడం, గోడకు పుష్-అప్, గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం. ఈ మూడింటితో మొదలుపెట్టించవచ్చు.

తిండి విషయానికి ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు దాని వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కండ పెంచుకోవడానికి ప్రొటీన్ పొడులు వాడొద్దని అందులో స్పష్టంగా ఉంది. మన అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు లెక్కలో మాట్లాడే పత్రం అది.

## 5. వెతికే పద్ధతి

తెలుగులో "ఇంట్లో వ్యాయామం" అని కొడితే ఎక్కువగా వచ్చేవి పొట్ట తగ్గించే వీడియోలు, యోగా, నడక. బలం గురించి తక్కువ. కాబట్టి వెతికేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేయండి, నేర్చుకున్నాక తెలుగులో రాసుకోండి.

1. వ్యాయామం పేరు పక్కన ప్రోగ్రెషన్ అన్న మాట చేర్చండి. కష్టంగా ఉంటే రిగ్రెషన్ అని, తప్పులు తెలియాలంటే కామన్ మిస్టేక్స్ అని చేర్చండి.
2. "బెస్ట్", "ఫాస్ట్", "రోజుల్లో" లాంటి మాటలు తీసేయండి. వాటితో ప్రకటనలే పైకి వస్తాయి.
3. యూట్యూబ్ ఫిల్టర్‌లో ప్లేలిస్ట్ ఎంచుకోండి. పద్ధతిగా నేర్పేవాళ్ళు పాఠాలను వరసగా పెడతారు.
4. ఒకే సైట్‌లో వెతకాలంటే గూగుల్‌లో సైట్ అనే మాట, కోలన్, ఖాళీ వదలకుండా ఆ సైట్ చిరునామా, ఆ తర్వాత మీకు కావలసిన మాట టైపు చేయండి.
5. మాట అర్థం కాకపోతే సెట్టింగ్స్‌లో సబ్‌టైటిల్స్, ఆటో-ట్రాన్స్‌లేట్, తెలుగు. అనువాదం అక్కడక్కడా తేడా కొడుతుంది, అందుకని కాళ్ళూ చేతుల కదలికను కళ్ళతోనే చూసి పట్టుకోండి.
6. వేగాన్ని 0.5కి తగ్గించి ఒకసారి చూడండి. మోచేయి ఎటు పోతోందో, తుంటి ఎప్పుడు కదిలిందో అప్పుడే కనబడుతుంది.

ఒక వ్యాయామానికి ఇద్దరు చెప్పినది చూడండి, చాలు. ఇద్దరూ ఒప్పుకున్నది ఆధారం. తేడా వచ్చినచోట మీ కీళ్ళకు నొప్పి లేనిది పాటించండి. మూడో వీడియోకి వెళ్ళకండి.

## 6. చెప్పే మనిషిని తూచి చూడండి

కండలు చూసి నమ్మకండి. బాగా చేయగలగడం వేరు, మొదటిమెట్టు మీదున్నవాళ్ళకు నేర్పగలగడం వేరు. ఆ చానల్‌లో లావుగా ఉన్నవాళ్ళు, పెద్దవయసువాళ్ళు, ఆడవాళ్ళు నేర్చుకుంటూ కనిపిస్తున్నారా అని చూస్తాను నేను.

వెంటనే మూసేయాల్సిన గుర్తులు:

- పొట్ట వ్యాయామంతో పొట్ట కొవ్వు మాత్రమే కరుగుతుందని చెప్పడం. ఒంట్లో ఫలానా చోటే కొవ్వు కరిగించే వ్యాయామం లేదు.
- ఇన్ని రోజుల్లో ఇంత మారతారని మాటివ్వడం, ముందు-తర్వాత ఫొటోలే సాక్ష్యంగా చూపడం
- నొప్పి ఉన్నా ఆపొద్దని ఉసిగొల్పడం
- ప్రతి వీడియోలోనూ పొడి డబ్బా, డిస్కౌంట్ కోడ్
- ఎవరికి వద్దో ఒక్కసారి కూడా చెప్పకపోవడం

నమ్మకం పెంచే గుర్తులు: ఫిజియోథెరపీ డిగ్రీ లేదా గుర్తింపున్న కోచింగ్ సర్టిఫికెట్ గురించి దాచకుండా చెప్పడం, పాత వీడియోలో పొరపాటుంటే దిద్దుకోవడం, "ఇది మీవల్ల కాకపోతే ఇలా చేయండి" అని ప్రతి పాఠంలో చెప్పడం.

యాప్‌ల విషయంలో ఇంకో మాట. ఉచిత ట్రయల్ నొక్కేటప్పుడు యూపీఐ ఆటోపే అనుమతి కూడా అడుగుతుంది. ట్రయల్ ముగిసే తేదీ క్యాలెండర్‌లో పెట్టుకోండి. వద్దనుకుంటే యాప్ తీసేస్తే సరిపోదు, ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసి, యూపీఐ యాప్‌లో ఆటోపే ఆగిందో లేదో కూడా చూడండి. మొదటి ఆరు నెలలకు కావలసినదంతా ఉచితంగానే దొరుకుతుంది.

## 7. అందరూ వదిలేసే భాగం: లాగడం

"ఏ పరికరమూ అక్కర్లేదు" అనే పథకాల్లో సాధారణంగా లాగే వ్యాయామం ఉండదు, ఎందుకంటే పట్టుకుని లాగడానికి నేల మీద ఏమీ లేదు. నెలల తరబడి తోయడమే చేస్తే ఛాతీ, భుజాల ముందుభాగం గట్టిపడి వీపు వెనకబడుతుంది. కాబట్టి పథకం ఎంచుకునేటప్పుడే ఇది తేల్చుకోండి.

పార్కు: హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ పార్కుల్లో ఓపెన్ జిమ్‌లు పెట్టారు, చాలా పట్టణాల్లోనూ ఉన్నాయి. కదిలే యంత్రాలు మనకు అక్కర్లేదు. కదలని ఇనప కమ్మీ ఒకటి వెతకండి. నడుం ఎత్తులో ఉంటే రో కి, తలపైన ఉంటే వేలాడడానికి, పుల్-అప్‌కి.

దుప్పటి, తలుపు: గట్టి దుప్పటి అంచుకు పెద్ద ముడి వేసి, ముడి అవతల ఉండేలా తలుపు పైఅంచు మీదుగా వేసి తలుపు మూయండి. మీరు లాగినప్పుడు తలుపు ఇంకా బిగుసుకోవాలి, తెరుచుకునే వైపు నిలబడి లాగకూడదు. గడియ వేయండి, ఇంట్లోవాళ్ళకు చెప్పండి. బందులు వదులైన తలుపుతో ఈ పని వద్దు.

బల్ల కింద రో: బరువైన చెక్కబల్ల అయితేనే. ప్లాస్టిక్ బల్ల, గాజుబల్ల వద్దు.

ద్వారబంధానికి బిగించే బార్: స్క్రూలతో బిగించేదే తీసుకోండి. మొదటిసారి కాళ్ళు నేల మీదే ఉంచి కొద్దికొద్దిగా బరువు వేసి చూడండి.

పుల్-అప్ ఒక్కటి కూడా రాదంటే వెతకాల్సిన మాట నెగటివ్స్. స్టూలు ఎక్కి గడ్డం బార్ పైన పెట్టి, ఐదారు సెకన్లు తీసుకుంటూ నెమ్మదిగా దిగడం. అంతకుముందు ఊరికే వేలాడడం, మోచేతులు వంచకుండా భుజాలను కిందికి లాగడం.

## 8. దొరికినదాన్ని ఒక్క కాగితానికి కుదించండి

వ్యాయామం చేసే సమయంలో ఫోన్ తెరవకూడదు, తెరిస్తే ఇంకేదో వీడియోలోకి వెళ్ళిపోతాం. అంతా తెలుగులో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. మొదటిమెట్టు వాళ్ళకు నమూనా:

- వార్మప్: చేతులు తిప్పడం, బస్కీలు పది, గోడ పుష్-అప్‌లు పది
- మంచం పట్టె మీద పుష్-అప్, దుప్పటి రో: జతగా 3 సెట్లు, 5–8 రెప్‌లు
- కుర్చీ దాకా స్క్వాట్, గ్లూట్ బ్రిడ్జ్: జతగా 3 సెట్లు. ఈ రెండూ తేలిక, 12 దాకా వెళ్ళొచ్చు
- ప్లాంక్: 3 సార్లు, నడుము జారేలోపు ఆపాలి
- సోమ, బుధ, శుక్ర

పక్కన తేదీ, చేసిన రెప్‌లు: "8, 7, 5". వచ్చేసారి "8, 8, 5" అయితే బలం పెరుగుతున్నట్టే. ప్రతి సెట్‌లోనూ ఇంకో రెండు రెప్‌లు తీయగలను అనిపించేచోట ఆపండి.

## 9. మీ ఫామ్ మీరే చూసుకోండి

నేర్పే మనిషి పక్కన లేనప్పుడు ఫోన్ కెమెరానే గురువు. ఫోన్‌ని నేల మీద గోడకు ఆనించి పక్కనుంచి రికార్డు చేయండి. ముందునుంచి తీస్తే తుంటి జారడం కనబడదు. మొదటి రెప్ కాదు, చివరి రెండు చూడండి, ఫామ్ చెడేది అక్కడే. పాఠంలోని మనిషిని, మిమ్మల్ని పక్కపక్కన ఆపి చూస్తే తేడా తెలిసిపోతుంది.

## 10. ఇక్కడ చిక్కుకుంటే ఇలా విడిపించుకోండి

పుష్-అప్‌లో మణికట్టు నొప్పి: పిడికిలి మీద చేయండి, లేదా ఎత్తైన గట్టుకు మారండి. ముందుగా మణికట్టు వార్మప్ వెతికి చేర్చుకోండి.

స్క్వాట్‌లో మోకాలి నొప్పి: కుర్చీ ఎత్తు పెంచండి, మోకాలు పాదం వేళ్ళ దిక్కునే పోతోందో చూడండి. రెండు వారాల్లో తగ్గకపోతే వీడియోలు ఆపి ఫిజియోథెరపిస్ట్‌కి చూపించండి.

రెప్‌లు పెరగడం ఆగిపోయింది: మెట్టు మార్చేముందు నిద్ర, తిండి, విశ్రాంతి చూడండి. సెట్ల మధ్య 30 సెకన్లే ఆగుతుంటే రెండు నిమిషాలు చేయండి.

ముప్ఫై రెప్‌లు తేలిగ్గా వస్తున్నాయి: ఇక అది దమ్ము పెంచే పని. బలం కావాలంటే కష్టమైన మెట్టుకు వెళ్ళి మళ్ళీ ఐదు దగ్గర మొదలుపెట్టండి.

మర్నాడు ఒళ్ళు నొప్పులు: కొత్తలో కండరం పట్టేసి రెండు మూడు రోజుల్లో తగ్గడం మామూలే. కీలు దగ్గర పోటు, తిమ్మిరి, వాపు మాత్రం మామూలు కాదు. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం వస్తే వెంటనే ఆపి వైద్యసహాయం తీసుకోండి.

వారం వారం పథకం మార్చేస్తున్నారు: ఎనిమిది వారాలు ఒకటే పట్టుకోండి. ఈలోగా నచ్చిన లింకులన్నీ ఒక ఫోల్డర్‌లో పడేయండి, తెరవకండి.

ఎనిమిది వారాలయ్యాక మొదటి సెక్షన్‌లో రాసుకున్న కాగితం తీసి అవే పరీక్షలు మళ్ళీ చేయండి. మూడు పరీక్షల్లో రెండిట్లో అంకె పెరిగితే పథకం మార్చకండి, మెట్టు మార్చండి. ఏదీ పెరగకపోతే మానేసిన రోజులెన్నో లెక్క చూడండి. వారానికి రెండు మూడు రోజులు నిజంగానే చేశారంటేనే ఆ ఫోల్డర్ తెరిచి, రెండో సెక్షన్‌లోని నాలుగు ప్రశ్నలతో కొత్త పథకం ఎంచుకోండి.